రౌండు మధ్యలో

ప్రతి ఏడాదీ జనవరి ఒకటిన నేనొక ఉత్తరం రాస్తాను. పద్ధతైన వాళ్ళు క్రిస్మస్‌కి ముందే పంపే ఉత్తరం అది, నాది మాత్రం ఎప్పుడూ వారం ఆలస్యం. ఏడాదిలో ఎక్కడెక్కడికి వెళ్ళాం, ఎవరి పెళ్ళి చూశాం, ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తాం, అన్నీ ఒక్క కాగితంలో కుక్కి పదిహేను ఇళ్ళకు పంపుతాను. పెర్త్‌లో ఉండే మా నాన్న చెల్లెలు ఊనా అత్త దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, తప్పులు ఎర్ర ఇంకుతో దిద్ది, ఫొటో తీసి మళ్ళీ నాకే పంపుతుంది.

ఆరేళ్ళ కిందటి ఉత్తరం నకలు నా దగ్గరుంది. ఫిజీలో మా ఆడపడుచు పెళ్ళి, టాస్మానియాలో వానకి తడిసి ముద్దయిన వారం, మా అమ్మాయి టెస్ పళ్ళకి తీగ కట్టించడం, అన్నీ ఉన్నాయి అందులో. చివర్లో ఇలా రాశాను: "ఈ ఏడాది రెండు వేల కిలోమీటర్లు పూర్తి చేశాను. నాన్న బాగున్నాడు. రోజూ చక్రం పట్టుకుని ముక్కు దాకా నడిచి వస్తున్నాడు." ఊనా అత్త ఆ మూడు వాక్యాల్లో ఒక్క తప్పూ పట్టలేకపోయింది.

ముక్కు అంటే మేం ఏటా సెలవులకి వెళ్ళే గన్నెట్ బేలో, ఊరి చివర సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండరాయి. ఇటువైపు కొసన కారవాన్ల పార్కు, కారుకి తగిలించుకుని తెచ్చే చక్రాల ఇళ్ళు నిలిపే చోటు. అందులో పద్నాలుగో నంబరు జాగా మాది. మా నాన్న మెర్విన్, అమ్మ నోలీన్ అప్పటికి ముప్పయ్యేళ్ళుగా క్రిస్మస్ మర్నాడు తమ ఊరు వాగా నుంచి అయిదారు గంటలు కారు తోలుకుంటూ వచ్చి అక్కడే దిగేవారు. వాళ్ళ వెనకే నేను, నా మొగుడు రాస్, టెస్. పదిహేనో నంబరులో డారిల్. ఇరవయ్యేళ్ళ నుంచి మా పక్కనే దిగుతూ, మా సాసేజీలు తింటూ, మమ్మల్ని ఏడిపిస్తూ ఉన్న మనిషి.

నాన్న వాగాలో పరుగుల సంఘానికి దారులు కొలిచిపెట్టేవాడు. పొడుగాటి కర్రకి చక్రం, దాని పక్కన అంకెలు తిరిగే చిన్న పెట్టె. మీటరుకొకసారి టక్కుమంటుంది. ఆ చక్రం లేకుండా సెలవులకి కూడా వచ్చేవాడు కాదు. పార్కు గేటు నుంచి ముక్కు దాకా వెళ్ళి మళ్ళీ గేటుకొస్తే ఒక రౌండు. నాలుగు వేల ఎనిమిది వందల అరవై మీటర్లు.

"అయిదు కిలోమీటర్లు అనేస్తే నీ సొమ్మేం పోయిందయ్యా?" అని డారిల్ ఏటా అడిగేవాడు.

"నూట నలభై మీటర్లు ఎవడబ్బ సొమ్మని కలపమంటావ్?" అని నాన్న ఏటా అదే జవాబు చెప్పేవాడు.

డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం, రొయ్యల గిన్నె బల్ల మీదికి వచ్చే ముందు, ఎవరు ఏడాదిలో ఎంత పరిగెత్తారో పైకి చదవాలి. నాన్న దాన్ని కారవాన్‌లో కప్పుల అలమర తలుపు లోపలి వైపున పెన్సిలుతో రాసేవాడు. ముప్పయ్యేళ్ళ అంకెలున్నాయి ఆ తలుపు మీద. పరుగే రాయాలి, నడక రాయకూడదు. ఆ కట్టడి నాన్న పెట్టిందే. తుంటి ఆపరేషను అయ్యాక నడకే మిగిలింది కాబట్టి తన పేరు ఎదుట తనే చిన్న గీత గీసుకుంటూ వచ్చాడు.

ఆయన పెట్టిన కట్టడి ఇంకొకటుంది. నాకు పద్నాలుగేళ్ళప్పుడు డొక్కలో నొప్పి వచ్చి మధ్యలో కూర్చుండిపోతే లేవదీసి చెప్పాడు. "నొప్పెడితే మెల్లగా పో. కానీ రౌండు మధ్యలో ఆగకూడదు అమ్మలూ."

మా ఇంట్లో పెద్ద విషయాలు ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవడం చేతకాదు. పక్కపక్కన నడుస్తూ, సముద్రం వైపు చూస్తూ చెప్పుకుంటాం. నాయనమ్మ పోయిన సంగతి నాన్న నాకు ముక్కు దారిలోనే చెప్పాడు. రాస్‌ని చేసుకుంటానని నేనాయనకు చెప్పిందీ అక్కడే. రౌండులో సగం దాకా ఏమీ మాట్లాడకుండా నడిచి, "వాడికి ఈత వచ్చా?" అని మాత్రం అడిగాడు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ ఏడు అలా చేశాను.

ఆ క్రిస్మస్ మర్నాటికి నా లెక్క పంతొమ్మిది వందల ఆరు కిలోమీటర్ల దగ్గర ఉంది. చలికాలంలో పిక్క పట్టేసి ఆరు వారాలు కూర్చున్నాను. ఫిజీలో పెళ్ళి పనులు, టాస్మానియాలో వాన. ఇంకా తొంభై నాలుగు కావాలి, చేతిలో ఉన్నవి ఆరు రోజులు. రెండు వేలు అన్న అంకె అప్పటిదాకా ఆ తలుపు మీద నా పేరు పక్కన ఎప్పుడూ పడలేదు. నలభై మూడేళ్ళొచ్చాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకున్నాను. అనుకున్నది బయటికి కూడా అన్నాను. అదే పొరపాటు. ఇక ఇంటిల్లిపాదికీ నేనే వినోదం.

"అమ్మా, సెలవులకి వచ్చావా, శిక్ష అనుభవించడానికి వచ్చావా?" అంది టెస్.

"మీ అమ్మ పడుకుని కూడా కాళ్ళు ఆడిస్తోంది. అవి కూడా లెక్కలో వేసుకోమని చెప్పు" అన్నాడు రాస్.

ఆ మొదటి రోజే, నేను లేసులు కట్టుకుంటుంటే నాన్న చక్రం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"అమ్మలూ, నాతో ఒక రౌండు వస్తావా? నీ వాచీ, నా చక్రం ఒకటే మాట చెబుతున్నాయో లేదో చూద్దాం."

"నడకా?"

"నడకే. నాతో పరుగెక్కడిది?"

"ఒకటో తారీఖున వెళ్దాం నాన్నా. ఇప్పుడు నడిస్తే నా కొంప మునుగుతుంది."

"అవును, నీకు కిలోమీటర్లున్నాయి కదా" అన్నాడు. అందులో దెప్పు లేదు. నిజంగానే ఒప్పుకున్నాడు. పరుగు మనిషికి పరుగు మనిషి కష్టం తెలుసు మరి.

ఇరవై ఎనిమిదిన నేను లేచేసరికి ఆయన బయట మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. టీ రెండు కప్పుల్లో పోసి ఉంది. నిలబడే రెండు గుక్కలు తాగాను. ఆయన రేడియో చెవి దగ్గర పెట్టుకుని క్రికెట్ వింటున్నాడు.

"ఎంత కొట్టారు?" అని అడిగాను.

నాన్న రేడియో వంక చూశాడు. "ఇప్పుడే చెప్పాడే..." అని నవ్వేశాడు. "గాలికి సరిగ్గా వినిపించట్లేదు."

గాలేం లేదు ఆ పొద్దున. ఈగలు మాత్రం ముఖం మీద ముసురుతున్నాయి. నేను కప్పు కింద పెట్టి గేటు వైపు వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ఆ రెండో కుర్చీ మడిచి కారవాన్‌కి ఆనించి ఉంది.

ఇరవై తొమ్మిదిన అందరం బల్ల దగ్గర ఉన్నాం. రాస్ సాసేజీలు కాలుస్తున్నాడు. అమ్మ మిగిలిపోయిన క్రిస్మస్ మాంసం బ్రెడ్డులో పెడుతోంది. నాన్న నా వైపు వంగాడు.

"బ్రిడీ, నీతో ఒక మాటుంది."

"చెప్పు నాన్నా."

టెస్ వంక చూశాడు, పొయ్యి దగ్గర రాస్ వంక చూశాడు. "ఇక్కడ కాదు. నడుస్తూ చెప్పేది."

అప్పుడు అమ్మ చేతిలో కత్తి ఆగింది. నేనది చూశాను. చూసి, అమ్మకీ నాన్నకీ ఏదో మాట పట్టింపు వచ్చి ఉంటుంది, లేకపోతే వాగాలో ఇల్లు అమ్మేసి చిన్నదానికి మారాలనుకుంటున్నారేమో, తొందరేముంది అనుకున్నాను.

"ఇంకో రెండు రోజులు ఓపిక పట్టు నాన్నా. ఒకటో తారీఖున నేను నీ దాన్నే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుద్దాం."

"మీ నాన్న ఎంత పెద్దవాడైతే మాత్రం, రెండు వేల కంటే పెద్దవాడా?" అన్నాడు డారిల్ తన జాగాలోంచి. అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

ముప్పయ్యో తారీఖు పొద్దుటికి ముప్పై ఒకటి మిగిలాయి. నాలుగు రౌండ్లు చేస్తే మర్నాటికి పన్నెండులోపే. డిసెంబరంటే మాకు నడివేసవి, మధ్యాహ్నానికి ఎండ ముప్పై ఎనిమిది డిగ్రీలకి పోతుందని రేడియోలో చెప్పారు. అందుకని ఏడింటికల్లా బయల్దేరాను.

రెండో రౌండులో పడవల రేవు దగ్గర నాన్న కనిపించాడు. చక్రం తోసుకుంటూ ఎదురుగా వస్తున్నాడు. చెయ్యెత్తాడు. నేనూ చెయ్యెత్తాను. దారిలో ఎదురైన పరుగువాళ్ళం అంతే, మాటలుండవు. దాటిపోయాను.

మూడో రౌండులో కూడా ఆయన అక్కడే ఉన్నాడు. నడవట్లేదు. చక్రం పట్టుకుని రేవు వైపు, రోడ్డు వైపు, మళ్ళీ రేవు వైపు చూస్తున్నాడు. తల మీద టోపీ లేదు. ఎండ వల్ల చెవి మీద లేచిన గడ్డలు రెండుసార్లు కోసి కుట్లేశాక, ఆరేసిన బట్టలు తేవడానికి కూడా టోపీ లేకుండా గుమ్మం దాటని మనిషి ఆయన.

"బ్రిడీ, ఒక్క నిమిషం ఆగుతావా?"

ఆగలేదు. దాటి వెళ్ళి, వెనక్కి తిరిగి, వెనక్కి వెనక్కి పరిగెడుతూనే అరిచాను. "ఇంకొక్క రౌండు నాన్నా! మధ్యలో ఆగకూడదని నేర్పింది నువ్వేగా!"

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత తలూపాడు.

"అదీ నిజమే. సరే, పద."

టోపీ సంగతి చూశాను. చూడలేదని ఇన్నేళ్ళలో ఎవరికీ అబద్ధం చెప్పలేదు. అలాగని చూశానని కూడా ఎవరికీ చెప్పలేదు. నాలుగో రౌండులో రేవు దగ్గర ఆయన లేడు. ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, మళ్ళీ ఆగమని అడగడానికి లేడు కదా అని నాకు హాయిగా అనిపించింది.

నేను స్నానం చేసి వచ్చేసరికి పదిన్నర. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో నాన్న టోపీ.

"నాన్నేడి? నీతో లేడా?"

"రేవు దగ్గర కనిపించాడు. రాలేదా?"

"ఎప్పుడు కనిపించాడు?"

ఎనిమిదింటికి అని చెప్పాను. అమ్మ వెంటనే రాస్‌ని కేకేసింది. రాస్ కారు తీశాడు. టెస్ ఇసుక వెంట పరిగెత్తింది. నేను మళ్ళీ ముక్కు దారి పట్టాను. ఆ రోజు అయిదో రౌండు కూడా పరిగెత్తాను, నాన్నా నాన్నా అని అరుచుకుంటూ. అది లెక్కలో వేసుకోలేదు.

పన్నెండు దాటాక డారిల్ బండి వచ్చి మా జాగా ముందు ఆగింది. ముందు సీట్లో నాన్న. తల మీద తడి తువ్వాలు, ఒళ్ళో చక్రం. సముద్రపు దారి వదిలేసి, ఊరి లోపలెక్కడో చేపల కొట్టు వెనక, పెట్టెల మీద కూర్చుని ఉన్నాడట. వాగాకి వెళ్ళే బస్సు ఎన్నింటికి అని కొట్టులో అమ్మాయిని అడిగాడట.

"మెర్వ్ ఊరంతా కొలిచేశాడు నోలీన్. రేపు మునిసిపాలిటీ వాళ్ళొచ్చి అందరికీ పన్ను పెంచుతారు చూడు" అన్నాడు డారిల్. మాట సరదాగానే అన్నాడు కానీ అమ్మ కళ్ళలోకి చూడలేకపోయాడు.

నాన్న చెవులు రెండూ ఎండకి ఎర్రబడి ఉన్నాయి. "దారి మార్చేశారు అమ్మలూ ఇక్కడ" అని నాతో మెల్లగా అన్నాడు. నేను ఆయన ఒళ్ళోంచి చక్రం తీసుకున్నాను. పెట్టెలో అంకె పదమూడు వేల రెండు వందల పదిహేడు. పొద్దుటి నుంచి ఆయన అడుగడుగూ అందులో ఉంది. అందులో ఎక్కడో ఒక మీటరు దగ్గర నేను ఆయన్ని దాటి వెళ్ళాను.

ఆయన పడుకున్నాక అమ్మ పార్కు వంటశాలలో గిన్నెలు కడుగుతుంటే నేను తుడిచాను. అమ్మ నీళ్ళలోకే చూస్తూ మాట్లాడింది.

"అక్టోబరులో చెప్పాడు డాక్టరు. మతిమరుపు జబ్బట. మొదలయ్యి ఏడాది దాటి ఉంటుందన్నాడు. తొందరగానే ముదురుతుందన్నాడు."

"అక్టోబరులోనా? నాకు ఫోనెందుకు చెయ్యలేదమ్మా?"

"చేస్తానంటే మీ నాన్న ఒప్పుకున్నాడా? నువ్వు టాస్మానియాలో ఉన్నావు. 'దానికి నేనే చెబుతా, ముక్కు దాకా నడుస్తూ చెబుతా' అన్నాడు. ఏం చెప్పాలో నా దగ్గర రెండు మూడుసార్లు చెప్పి చూసుకున్నాడు కూడా. మధ్యలో మర్చిపోతానేమోనని."

"ఏం చెప్పాలనుకున్నాడు?"

అమ్మ ఒక పళ్ళేన్ని చాలాసేపు కడిగింది. "అది నీకు చెప్పుకునే మాట బ్రిడీ. నేను సగం విని బయటికి వెళ్ళిపోయేదాన్ని, ఏడుపొచ్చి." ఇంకో పళ్ళెం అందుకుంది. "రోజూ పొద్దున లోపలికి రాగానే అడిగేదాన్ని, ఏమయ్యా చెప్పావా అని. 'ఇవాళ కాదులే, పిల్లకి కిలోమీటర్లున్నాయి' అనేవాడు."

తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు. నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని మిగతా గిన్నెలు తనే తుడిచింది.

మర్నాడు నేను పరిగెత్తలేదని చెప్పగలిగితే బాగుండేది. పరిగెత్తాను. అయిదింటికే లేచి, ఎవరూ లేవకముందే, దొంగలాగా వెళ్ళి పన్నెండు కిలోమీటర్లు పూర్తి చేసి వచ్చాను. తలుపు మీద ఆ అంకె పడకపోతే, నిన్న ఆయన్ని దాటి వెళ్ళింది ఎందుకో చెప్పుకోడానికి అది కూడా ఉండదని భయమేసిందేమో.

సాయంత్రం నాన్న పెన్సిలు చెక్కి అలమర తలుపు తెరిచాడు. చెవులకి తెల్లటి మందు రాసి ఉంది. నిన్నటి సంగతి ఎవరం ఎత్తలేదు.

"బ్రిడీ?"

"రెండు వేలు నాన్నా."

"ఏదీ, మళ్ళీ చెప్పు!"

"రెండు వేలు."

ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. తలుపు మీద ఒక్కొక్క సున్నా గుండ్రంగా, జాగ్రత్తగా రాశాడు. నన్ను గట్టిగా కౌగిలించుకుని, "నా కూతురు!" అని డారిల్‌కి వినపడేలా అరిచాడు. తన పేరు ఎదుట గీత గీశాడు. ఏ ఏడాది అని టెస్‌ని అడిగి, పైన రాశాడు. నా వంతు రొయ్యలు టెస్ పళ్ళెంలో వేసేశాను.

"నాన్నా, ఇప్పుడు నడుద్దామా?" అని అడిగాను. "ఒక రౌండు."

ఆయన మొహం వెలిగిపోయింది. అమ్మ లోపలికి వెళ్ళి టోపీ తెచ్చి ఆయన తల మీద పెట్టింది. నా వైపు చూసి, "నువ్వేం అడక్కు, ఆయన్నే చెప్పనీ" అంది.

చక్రం సున్నా చేసి గేటు దగ్గర మొదలుపెట్టాం. ఎండ తగ్గింది. టక్, టక్ మని చక్రం. నాన్న మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ ఏడు పెలికాన్లు తక్కువగా ఉన్నాయన్నాడు. రేవులో కొత్త పడవ రంగు బాగాలేదన్నాడు. రాస్ సాసేజీలు మాడుస్తాడు కానీ మనిషి మంచివాడన్నాడు. ప్రతి మాట మొదలైనప్పుడూ ఇదేనేమో అనుకునేదాన్ని. కాదు. ఇంకో పక్షి, ఇంకో పడవ.

ముక్కు దాకా వచ్చేశాం. ఇక తిరగాలి. అమ్మ వద్దన్నది గుర్తుంది కానీ ఆగలేకపోయాను. రౌండు మధ్యలో, నా జన్మలో మొదటిసారి, నా అంతట నేను ఆగాను.

"నాన్నా, నాకేదో చెప్పాలన్నావు."

ఆయన కూడా ఆగాడు. రాయి మీద పగులుతున్న అల వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఆయన ఎంత గట్టిగా వెతుక్కుంటున్నాడో నాకు కనిపిస్తూనే ఉంది. మూడు రోజుల కిందట, ఆ టీ చల్లారకముందు, ఆ మాట ఆయన దగ్గర భద్రంగా ఉంది.

"ఉండాలి అమ్మలూ" అన్నాడు చివరికి. "ఏదో ఉండాలి. మంచి మాటే. వస్తుందిలే, పద."

ఆ మాట రాలేదు. జబ్బు పేరు అమ్మ నోట విన్నాను, తర్వాత డాక్టరు నోట విన్నాను, చికిత్స కాగితాల మీద చదివాను. నాన్న నోట ఏనాడూ వినలేదు. అంతకన్నా, జబ్బు పేరు తర్వాత ఆయన నాతో ఇంకేం చెప్పాలనుకున్నాడో, అమ్మ ఏడుపొచ్చి విననిది, అది ఎవరి దగ్గరా లేదు. ఇప్పుడాయన వాగాలో వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. నన్ను ఊనా అంటాడు. నేను పలుకుతాను.

ఆ సాయంత్రం గేటు దగ్గరికి తిరిగొచ్చాక నాన్న వంగి చక్రం పెట్టెలో అంకె చూశాడు. కళ్ళు చిట్లించి మళ్ళీ చూశాడు.

"నాలుగు వేల ఎనిమిది వందల అరవై మూడు. మూడు మీటర్లు ఎక్కువొచ్చింది. ఎక్కడ పక్కకి పోయాం?"

"ముక్కు దగ్గర ఆగాం కదా నాన్నా. అక్కడ అటూ ఇటూ కదిలాం."

"మధ్యలోనా?" అన్నాడు నాన్న, నా తప్పు పట్టుకున్నవాడిలా నవ్వుతూ. "ఎందుకాగాం?"